చెరువులో పడ్డ నాన్న డిస్కు

అమ్మా, నేను క్షేమమే, బూట్లు మాత్రం తడిసిపోయాయి. ఫోన్లో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను.

నాన్న చూడాలని చూడాలని చూడకుండానే పోయిన డిస్క్ గోల్ఫ్ మైదానం ఇదే. నిజం చెప్పనా? వట్టి ఆర్భాటం. పళ్లెంలాంటి డిస్కు విసిరి వెయ్యాల్సిన ప్రతి బుట్ట దగ్గరా క్యూ, ఆటకంటే ఫొటోలే ఎక్కువ. ఆయన తరఫున ఒక్కసారి విసురుదామని ఆయన పసుపు డిస్కు తీశాను. అది బుట్ట మీదుగా ఎగిరి చెరువులో పడింది.

ఇక్కడ గడ్డి కోసే కౌకో అనే పెద్దాయన ప్యాంటు మడిచి నాతోపాటు నీళ్లలోకి దిగాడు. "ఈ చెరువు ఫొటోల్లోనే అందం తల్లీ, డిస్కులు మింగడమే దీని పని" అని తిడుతూనే చలికి వణుకుతూ వెతికాడు. దొరకలేదు. తన ఫ్లాస్కులో మిగిలిన కాఫీ నాకే పోశాడు. మన ఊరు కుహ్మో అడవిలో నాన్న, పక్కింటివాళ్లు కలిసి పొదలు కొట్టి పెట్టిన మన బుట్టల గురించి చెప్పాను.

"అది వదిలేసి ఇక్కడికెందుకొచ్చావే పిచ్చిపిల్లా?" అన్నాడు.

నిజమే. ఎంత మంచి చోట ఆడుతూ పెరిగానో ఇక్కడికొస్తేగానీ తెలియలేదు. పక్కింటివాళ్లకి ఈ మాట చెప్పు.

ఆవిరిస్నానాల సౌనాకి కట్టెలు కొట్టించావా? బ్లూబెర్రీలు నాకూ కాసిని ఉంచు.

ఇంకొకటి. ఆకులు రాలాక ఇక్కడివాళ్లు చెరువంతా గాలించి, దొరికిన డిస్కుల వెనకున్న నంబర్లకి ఫోన్ చేస్తారట. తన ఫోన్ ఎప్పుడూ ఎక్కడో పారేసుకునేవాడు కాబట్టి నాన్న నీ నంబరే రాసుకున్నాడు. కొత్త నంబరైతే కట్ చేసేస్తావుగా, ఈసారి చెయ్యకు. ఎవరో నాన్న పేరు చెప్పి "తాయిస్తో గారున్నారా?" అని అడుగుతారు. కంగారుపడకు. ఆయన ఇల్లు ఇదేనని చెప్పు.

నీ ఐలా