గుట్టకు నేనే ముందు ఎక్కాను

ఏమయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు పెట్టిన వడలు ఇంకా చల్లారనేలేదు, నీ నల్లమేక తాడు తెంచుకుని నిడుగల్లు గుట్టెక్కింది. మేపుకునే బీళ్లన్నీ సోలారు కరెంటు పలకల కిందికి పోయాక దానికి ఆ గుట్టే గతి.

నా మోకాళ్ల బాధ చూడలేక మన కూతురు సరోజ ఈమధ్య రెండు ట్రెక్కింగు కర్రలు తెచ్చిచ్చింది. ఎక్కేటప్పుడు పొట్టి చేసుకోవాలట, దిగేటప్పుడు పొడుగు చేసుకోవాలట. అవి పట్టుకుని బయల్దేరితే పక్కింటి నరసక్క పగలబడి నవ్వింది. "ఏంది వదినా, నాలుగు కాళ్లతో యాడికి పోతాండావు?"

నీ ఒక్క కట్టెకే బెదిరే మేక, నా చేతుల్లో రెండు చూసేసరికి ఇంకా పైకి పరుగెత్తింది. దాన్ని తిట్టుకుంటూ వెంటపడ్డాను. అది పొదల్లో దూరింది. తలెత్తి చూద్దును కదా, గుట్టమీది పాతకోట వాకిలి దగ్గరున్నాను!

పెళ్లైనప్పటినుంచీ ఆ వాకిట్లో ముందు కూర్చునేది నువ్వు, కిందనుంచి రొప్పుతూ వచ్చేది నేను. ఇవాళ నేనే ముందు. గర్వం ఆగలేదు. కర్రలు పక్కన పడేసి, నీ రాయి మీదే కూర్చుని, కిందికి చూసి అచ్చం నీలాగే తొందరపెడుతూ అరిచాను.

"ఇంకా ఆడే ఉండావా? బిన్నా రాప్పా!"

పొదల్లోంచి మేక ఒక్కటే వచ్చింది.