కమానుకట్ట పిన్ను ఊడింది

మామా,

దారిలో ఎవరేం చెప్పినా నమ్మకండి, మీ అబ్బాయి బాగున్నారు. పక్కింటి రామక్క సగం చూసి, "జీపు కింద నలిగిపోయినాడంట" అని ఊరంతా చాటింది. మేము వచ్చేదాకా జీపు దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి. సంగటి ఉట్టి మీద ఉంది, మజ్జిగ పోసుకొని తినండి.

ముందు చక్రం పైన స్ప్రింగు పట్టీల కమానుకట్ట పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది కదా. ఎంత కిరసనాయిలు పోసినా కదల్లేదు. పొద్దున ఆయన కింద పడుకొని సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేశారు. పిన్ను ఊడింది, ఆ అదురుకు జీపును ఎత్తిపెట్టిన జాకీ కూడా ఒరిగింది. జీపు ధబ్బున దిగి, చట్రం కింద ఆయన ముందే పేర్చిన రాళ్ల మీద ఆగింది. "అరవొద్దే యశోదా, ఈడనే ఉండా, నాకేం కాలేదు" అని కింద నుంచి మాట వినిపించేదాకా అరుస్తూనే ఉన్నాను. మోచేయి గీరుకుంది, అంతే.

కొత్త పిన్ను కోసం బళ్లారి బస్సెక్కుతున్నాం. ఒక్కడినే పోతానన్నారు గానీ చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరారు. అందుకే నేనూ వెంట పోతున్నాను.

ఆ జీపు కొన్నప్పటి నుంచి మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఈ పొద్దయినా ఆయనను పలకరించండి.

మీ కోడలు
యశోద

ఇంకొక మాట. ఆ రాళ్లు పెట్టాలని ఎట్లా తోచిందని అడిగాను. "జాకీని నమ్ముకొని కిందికి దూరొద్దని అప్పట్లో మా నాయన తిడతాండె గదా" అన్నారు.