చాటలతో వచ్చినవాళ్లు

లక్ష్మీ,

నువ్వు పోయి ఈరోజుతో ఏడాది. మన సుజాత ఆర్మూర్‌లో, పసుపు మార్కెట్ వెనక గది తీసుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టింది. పిల్లల భయాలు చూడాలా, ఆలుమగలను కలిపి కూర్చోబెట్టాలా, బోర్డు మీద ఏం రాయించాలో తేలక పోయిన వారమంతా సతమతమైంది.

"బీడీలు చేసేటోళ్ల కోసమే పెట్టిన బాపూ. గాళ్లేమో పని ఇడిసిపెట్టి ఎట్లొస్తమంటున్రు," అంది.

నువ్వు గుర్తొచ్చావు. మస్కట్‌లో మీ తమ్ముడి కష్టమైనా, నీ ఛాతీలో నొప్పైనా ఒళ్లో ఆకూ తంబాకూ ఉన్న చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే చెప్పావు. చాట పక్కన పెడితే ఇక మాట ఉండేది కాదు.

"చాటలు తెచ్చుకోనియ్యి బిడ్డా. మీ అమ్మ చేతులాడితేనే మాట్లాడేది."

"గదంత తంబాకు వాసనైతది గద?"

"కిటికీ తెరువు."

నవ్వింది. మిగతావన్నీ తర్వాత చూద్దామని, ముందు మధ్యాహ్నం పూట ఆడవాళ్ల బైఠక్ ఒక్కటే పెట్టింది. చాటలతో రావచ్చని బోర్డు మీద రాయించింది.

ఈరోజు నలుగురు వచ్చారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు ఆకు కత్తిరించే చప్పుడే వినిపించింది. తర్వాత ఒకామె మెల్లగా మాట మొదలుపెట్టింది. కత్తెర ఆగలేదు. అది నేను వినాల్సిన మాట కాదని లేచి వచ్చేశాను.