ఫియాటుకు టర్బో బిగించిన ఎండాకాలం

పటాన్‌చెరు
18 జనవరి 1976

ప్రియమైన బిడ్డ సుకుమారికి,

దేవుని దయవల్ల నేను, అమ్మ బాగున్నం. నువ్వు ట్రంక్ కాల్ చేసినవని మొన్న కిరాణం షావుకారు మనిషిని పంపిండు. నా చేతుల నిండ గ్రీజు ఉండె, అందుకే అమ్మను పంపిన. అయినా దుకాణంల పదిమంది ముంగట ఫోన్ల ఏం మాట్లాడుతం? మనకు ఉత్తరమే మంచిగుంటది.

ఇగ అసలు ముచ్చట. రోడ్లు వేసే కంట్రాక్టరుది చిన్న డీజిల్ ఇంజన్ ఒకటి పాడైతే తుక్కుల వేసిండ్రు. మన గ్యారేజీ పక్కన వెల్డింగ్ దుకాణం పెద్దరాములు దాన్ని ముక్కలు కోస్తుంటే నేను పోయి చూసిన. దాని పక్కకు నత్త గుల్ల లెక్క ఒక ఇనుప గుండు. "రామన్నా, దాన్ని కొయ్యకు!" అని మొత్తుకున్న. అది టర్బో బిడ్డా. నేను పుస్తకంల బొమ్మ చూసిన గాని చేతితో పట్టుకున్నది అదే మొదలు. వేలితో నూకితే లోపలి చక్రం గిర్రున తిరిగి చాలాసేపు ఆగలే.

ఇంజన్ బయటికి వదిలే పొగ ఉంటది గదా, అది ఉత్తగనే పోతది. ఈ గుండుల ఆ పొగనే ఒక చక్రాన్ని తిప్పుతది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజన్ లోపలికి గాలిని జబర్దస్తీగ నూకుతది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతది, బలం పెరుగుతది. దాన్ని మన ఫియాటుకు బిగిద్దామని పట్టుబట్టిన. ఇస్మాయిల్‌ఖాన్‌పేట జాతరకు కిరాయికి ఒక ఇంటోళ్లందరిని ఎక్కించుకుంటే పాపం మన బండి ముసలి బర్రె లెక్క మూలుగుతది, నీకు తెల్వనిదా.

అమ్మకు మస్తు కోపమొచ్చింది. "ఉన్న బండిని ఉన్నట్టు ఉండనియ్యవా" అంటది. ఏం చెయ్యాలె, నా కాలు ఒక్కతాన నిలుస్తలేదు. కూసుంటే పరేషాన్ అయితున్నది. పని ముంగట ఉంటేనే పానం కుదుటపడుతది.

పానం జాగ్రత్త.
నీ నాయిన,
పరంజ్యోతి


నిజామాబాద్
27 జనవరి 1976

ప్రియమైన నాయినకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్న, తర్వాత భయపడ్డ. నేను నీ గ్యారేజీల పానాలు, స్క్రూడ్రైవర్లు అందించుకుంట పెరిగిన. డీజిల్ ఇంజన్ సామాను పెట్రోలు బండికి పెడితే మాటలతోని అయ్యే పనేనా? అంత గాలి నూకితే ఆ పాత పిస్టన్లు తట్టుకుంటయా? నువ్వు చేస్తనన్నంక ఆగవని తెలుసు. జెర నిమ్మళంగ చెయ్యి.

ఇక్కడ టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌ల పొద్దంతా నా చెవులకు హెడ్‌ఫోన్ ఉంటది. ఎవరెవరి గొంతులో వింట. అప్పుల గొంతులు, పెండ్లి గొంతులు, ఆస్పత్రి గొంతులు. మన ఇంటి గొంతు వినాలని లైన్ కలుపుకుంటే నువ్వు రావు. పోయిన నెల కూడా రాలే. అప్పుడు బండి కింద పండుకొని ఉన్నవన్నరు. ఈసారి గ్రీజు. గ్రీజు చేతులతోని ఫోన్ పట్టుకుంటే షావుకారు ఏమన్న అంటడా? అంటే తుడిచి ఇద్దువు.

ఇంకొక మాట. నువ్వు ఇంట్ల గట్టిగట్టిగ మాట్లాడుతున్నవని అమ్మ అన్నది. ఎవరి మీద కోపం నాయినా? చేతినిండ పని ఉన్నా మనసు నిలువకపోవుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. ఏమన్న ఉంటే నాకు రాయి.

ప్రేమతో,
నీ సుకుమారి


పటాన్‌చెరు
22 ఫిబ్రవరి 1976

బంగారు బిడ్డ సుకుమారికి,

బిగించినం! పెద్దరాములు పొగగొట్టాన్ని కోసి, వంచి, అతికించి టర్బోకు కలిపిండు. అది మస్తు జోరుగ తిరుగుతది కాబట్టి దానికి ఎప్పుడూ నూనె అందాలె. ఇంజన్ నుంచి సన్న పైపు తీసి నూనె ఇచ్చిన. పిస్టన్ల మీద జోరు తగ్గాలని ఇంజన్ హెడ్ కింద మందం రాగిరేకు గాస్కెట్ నేనే కత్తిరించి పెట్టిన. రోజూ ఏదో ఒకటి కారుడు, విప్పుడు, మళ్ల బిగించుడు. అన్నం కూడా నిలబడే తిన్న.

నిన్న పొద్దుగాల బండిని బొంబాయి రోడ్డు ఎక్కించిన. పెద్దరాములు నా పక్కన కూసున్నడు. కంది ఊరు దాటినంక రోడ్డు ఖాళీగ ఉండె, ఎక్సిలేటర్ తొక్కిన. ముందు ఏం కాలే. ఉత్త ఇనుము మోస్తున్నమా అనుకున్న. జెర ఆగినంక, బిడ్డా, ఎవరో ఎనక నుంచి రెండు చేతులతోని నూకినట్టు బండి ఉరికింది! నా వీపు సీటుకు అతుక్కున్నది. ఇన్నేండ్ల సంది బండ్లు నడుపుతున్న, అసొంటిది ఎన్నడు ఎరుగ. పెద్దరాములు చేతులు ఊపుకుంట ఏదో మొత్తుకున్నడు. భయపడ్డడు పాపం. నేను నవ్వుకుంట ఇంకా తొక్కిన.

అమ్మ మాత్రం బండి ఎక్కుత లేదు. ఇదివరకు ఏ కిరాయికి పోయినా ఊర్లు చూస్తనని ముందు సీట్ల కూసొని వచ్చేది గదా. "నీ దయ్యం బండిల నేను కూసోను" అని తేల్చి చెప్పింది. చూద్దాం, ఎన్నొద్దులు అలుగుతదో.

నువ్వొచ్చినప్పుడు నిన్ను తిప్పుత.
నాయిన,
పరంజ్యోతి


నిజామాబాద్
2 ఏప్రిల్ 1976

ప్రియమైన నాయినకు,

నెల దాటింది, నీ నుంచి ఒక్క కార్డు ముక్క లేదు. నేను రాసిన రెండు ఉత్తరాలు అందినయా? నిన్న అమ్మ తానే షావుకారు దుకాణానికి పోయి నాకు ఫోన్ చేసింది. ఆమె ఎన్నడన్న చేసిందా?

పిస్టన్ కరిగి తూటు పడ్డదట. కొత్తది వేస్తే అదీ పోయిందట. అది ఇనుము ముచ్చట, పోనీ. ముత్తంగి కాడ ఏం జరిగింది నాయినా? ఎనక నుంచి లారీ హారన్ కొడుతనే ఉంటే నువ్వు పక్కకు జరుగలేదట. ఆఖరికి ఆ డ్రైవర్ రోడ్డు దిగి పొలంలకు తోలి నిన్ను కాపాడిండట. లారీ ఒరిగిందట. ఆయన దిగి వచ్చి నీ గల్లా పట్టుకున్నడని చెప్పుకుంట అమ్మ ఏడ్చింది.

నువ్వు మొండోనివే గాని రోడ్డు మీద ఒకరికి దారి ఇయ్యనోనివి కాదు. నాకేం సమజైతలేదు. సెలవు పెట్టిన, ఈస్టర్‌కు వస్తున్న. నేను వచ్చేదాంక బండి తియ్యకు. నా మీద ఒట్టు.

సుకుమారి


పటాన్‌చెరు
9 ఏప్రిల్ 1976

సుకుమారికి,

అమ్మ గోరంతను కొండంత చేసి చెప్పింది. లారీ వాడు తాగి ఉన్నడేమో ఎవరికి ఎరుక. పిస్టన్ పోయింది పెట్రోలు కల్తీ వల్ల. ఈసారి మంచి పిస్టన్ దొరికింది, ఇంజన్ పాట పాడినట్టు నడుస్తున్నది. ఒట్లు గిట్లు పెట్టకు, నేను చిన్న పోరగాన్ని కాదు.

పండుగకు రావాలనిపిస్తే రా. నన్ను చూసి పోదామని మాత్రం రాకు.

పరంజ్యోతి


నిజామాబాద్
27 ఏప్రిల్ 1976

ప్రియమైన నాయినకు,

ఇంటికొచ్చి ఉన్నన్ని రోజులు ఈ మాట నోటిదాంక వచ్చి ఆగిపోయింది. నీ ముంగట చెప్పలేకపోయిన. చెప్పాలంటే గట్టిగ అరవాలె నాయినా. గట్టిగ అరిచి చెప్పేటి మాట కాదు ఇది.

పండుగ తెల్లారి నన్ను బండిల కూసోబెట్టుకొని కంది దిక్కు తీసుకపోయినవు గదా. నువ్వు తొక్కినవు. నూకుడు నిజమే, నా తల కూడా ఎనకకు పడ్డది. కాని ఆ నూకుడుతోనే ఇంజన్‌ల సప్పుడు మొదలైంది. రేకు డబ్బల గోలీలు పోసి గలగల ఊపినట్టు. ఆ సప్పుడు ఏందో నాకు నేర్పించింది నువ్వే. లోపల పెట్రోలు టైముకు ముందే పేలుతున్నదని, అట్లనే నడిపితే పిస్టన్ కరుగుతదని, ఆ సప్పుడు వినంగనే కాలు తియ్యాలని. నువ్వేమో నా దిక్కు తిరిగి, మొఖమంత నవ్వుకుంట, "ఎట్ల పాడుతున్నదో విన్నవా బిడ్డా?" అన్నవు.

నేను మొఖం కిటికీ దిక్కు తిప్పుకొని, నీ కండ్లకు నా పెదవులు కనబడకుండ, "నాయినా, బండి ఆపు" అన్న. నువ్వు ఆపలే. మళ్ల అన్న. నువ్వు పోతనే ఉన్నవు. అప్పుడు నీ చెయ్యి పట్టుకున్న. "ఏంది బిడ్డా, భయమైతున్నదా?" అని ఆపినవు. అవునన్న. భయమే అయింది, కాని బండిని చూసి కాదు.

పొద్దంతా ఎవరెవరి గొంతులో వినేదాన్ని. నా తండ్రికి నా గొంతు వినొస్తలేదని ఇన్నొద్దులు తెలుసుకోలేకపోయిన.

నాయినా, చెవుల డాక్టరు కాడికి పో. అందాక జనాన్ని ఎక్కించుకొని రోడ్డెక్కకు. ముత్తంగి కాడ ఆ లారీ డ్రైవర్ పొలంలకు దిగకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు తిండి పోతలేదు. నీకు కోపమొస్తది, రానీ. తిట్టుకుంటనన్న నాకు రాయి. ఉత్తరం మాత్రం బంద్ చెయ్యకు.

ఎప్పటికీ నీ
సుకుమారి


పటాన్‌చెరు
20 జూన్ 1976

ప్రియమైన నా బిడ్డ సుకుమారికి,

జవాబు రాయనీకి ఎండాకాలమంతా పట్టింది. నీ ఉత్తరం చదివినోన్ని చదివినట్టే చించి పొయిల వేసిన. అయినా దాంట్ల ప్రతి మాట నాకు యాదికున్నది.

అవును బిడ్డా. నాకు వినొస్తలేదు. గ్యారేజీ పెట్టకముందు ఫ్యాక్టరీల సుత్తె మిషన్ల నడుమ పనిచేసిన గదా, అప్పుడే పట్టుకున్నదేమో. ముందు పిట్టల సప్పుడు పోయింది. తర్వాత చర్చిల పాట ఏ లైను కాడ ఉన్నదో దొరకకుండ అయింది, పుస్తకం చూసుకుంట పెదవులు ఆడించేటోన్ని. ఆఖరికి ఇంజన్ పోయింది. అదే నన్ను తిన్నది. బండి గేట్లకు రాంగనే సప్పుడు విని రోగం చెప్పేటి మనిషిని నేను. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, అదురు చూసి, ఏదో చెప్పి నెట్టుకొచ్చిన. ఆగి ఉన్న బండి చేతికి దొరుకుతది. రోడ్డు మీద, బరువు మీద వచ్చే సప్పుడు చేతికి ఎట్ల దొరుకుతది?

టర్బో ఎందుకని అమ్మ అడిగింది, నువ్వు అడిగినవు. జాతర అన్న, కిరాయి అన్న. అవన్ని వట్టివే. స్టీరింగ్ పట్టుకొని కూసుంటే నా బండి సచ్చిన దాని లెక్క ఉండె. నడుస్తున్నదో లేదో కండ్లతోని చూసుకోవాలె. ఆ పొద్దు కంది కాడ వీపుకు ఆ నూకుడు తాకినప్పుడు నా ఇంజన్ నాకు మళ్ల దొరికింది. చెవులకు రాకున్నా వీపుకు తెలిసింది. అందుకే పిచ్చోని లెక్క పిస్టన్ మీద పిస్టన్ కాల్చిన.

ముత్తంగి డ్రైవర్‌ను తాగినోడన్న. అది పాపం. పఠాన్ ఆయన, జహీరాబాద్ మనిషి. దేవులాడుకుంట పోయి కాళ్లు పట్టుకోబోయిన. ఆయన పట్టుకోనియ్యలే. నా చెవి చూపిస్తే సమజు చేసుకొని, చాయ్ తాగించి పంపిండు.

పట్నంల చెవుల డాక్టరు కాడికి కూడా పోయిన. అంగీ జేబుల పెట్టుకునే డబ్బా ఒకటి, దానికి తీగె, చెవిల గుండీ. పెట్టుకుంటే అంగీ రాసుకున్న సప్పుడే ఉరుము లెక్క ఉన్నది. ఇంట్ల పెట్టుకుంట. బండి కాడ అది పనికిరాదు, అన్నీ కలిపి ఒకటే రొద. మందిని ఎక్కించుకునుడు బంద్ చేసిన. పెద్దరాములుకు సాఫ్ చెప్పిన: "రామన్నా, నాకు వినబడదు. విప్పుడు, బిగించుడు నాది. రోడ్డు మీద నడిపి విని చెప్పుడు నీది." ఆయన, "మంచిది, రేపటి సంది నీ గ్యారేజీ ముంగట రెండు స్టూళ్లు వేద్దాం" అన్నడు.

అమ్మకు చెప్పుడే కష్టమైంది. బియ్యం చెరుగుతుంటే పోయి ఎదురుంగ కూసున్న. డబ్బా గుండీ చెవిల పెట్టుకొని, "సౌభాగ్యం, నీకొక మాట చెప్పాలె" అన్న.

"చెవుల ముచ్చటనా?" అన్నది, చేట ఆపకుండ. "నాకు నాలుగేండ్ల సంది ఎరుక."

ఊర్లు చూస్తనని ప్రతి కిరాయికి ముందు సీట్ల ఎందుకు కూసున్నదో, ఎనక హారన్ వినబడితే "జెర ఎడమ దిక్కు జరుగు, ఆ చెట్టు చూస్త" అని ఎందుకనేదో అప్పుడు తెలిసింది. నా సిగ్గు నాకే ఉంచుదామని ఆమె ఇన్నేండ్లు ఒక్క మాట అనలే. నీక్కూడా చెప్పలే. టర్బో పెట్టినంక భయపడి ఎక్కుడు మానేసింది. ఆమె ఎక్కుడు మానేసినంకనే పిస్టన్లు కాలినయి, లారీ ఒరిగింది.

"ఆ టర్బో గుండు పీకి పారేస్త" అన్న.

"ఎందుకు?" అన్నది. "దాని సప్పుడు నేను వింట. లే."

అదే పొద్దుగాల బండి తీసినం. ముందు సీట్ల కూసొని నా భుజం మీద చెయ్యి వేసింది. గోలీల సప్పుడు రాంగనే నొక్కాలె, అదీ మా ఒప్పందం. కంది దాటంగనే తొక్కిన, నొక్కింది. ఆపి, దిగి, బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్‌ను ఎంట్రుక వాసి ఎనకకు తిప్పిన. కరెంటు జెర ఆలస్యంగ అందితే ఆ పేలుడు ఆగుతది. మళ్ల తొక్కిన, మళ్ల నొక్కింది. అట్ల ఆపుకుంట, తిప్పుకుంట ఎండ ఎక్కేదాంక చేసినం. బలం కొంత తగ్గింది. తగ్గనీ.

ఆఖరుసారి తొక్కినప్పుడు నూకుడు వచ్చింది. నేను భుజం దిక్కే పానం పెట్టుకొని కూసున్న. చెయ్యి నొక్కలే. ఇప్పుడు నొక్కుతది, ఇప్పుడు నొక్కుతదని నేనే భయపడి కాలు తీసిన. బండి నెమ్మదించింది. అమ్మ కొంగు గాలికి ఎగిరి మొఖం మీద పడ్డది, దాన్ని పక్కకు తీసి నా దిక్కు తిరిగింది. పెదవులు చూసిన.

"ఆపినవెందుకు? పోనియ్యి!" అన్నది.

నీ నాయిన,
పరంజ్యోతి