నా గుండె నువ్వెందుకు కొయ్యవు?

చెల్లెమ్మా,

నా ఆపరేషన్ నువ్వు చెయ్యవని, తనే చేస్తానని నీ శిష్యుడొచ్చి చెప్పాడు. నేను వాదన మొదలుపెట్టగానే ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "కాసేపు మాట్లాడకండి సార్, మీ గుండె వినబడటం లేదు" అన్నాడు. నా నోరు మూయించినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నన్ను వినడానికని మూయించింది మాత్రం వీడొక్కడే.

"అయినవాళ్లని కొయ్యకూడదన్నది మా పద్ధతి అన్నయ్యా" అని నువ్వు ఫోన్లో అన్నావు. ఇదేం పద్ధతి? "ఆడపిల్ల చేతికి గుండెలా? పురుళ్లు పోసుకో" అన్న మీ పెద్ద డాక్టరు గుర్తున్నాడా? ఆయన్ని ఉతికి ఆరేస్తూ నేను పత్రికలో రాస్తే, ఆ కసితో ఏళ్ల తరబడి నీ చేతికి కత్తి ఇవ్వలేదు. చివరికి ఆయన గుండె కోసి కుట్టింది నువ్వే! శత్రువుకున్న హక్కు తోడబుట్టినవాడికి లేదా? నువ్వు కోసిన ప్రతివాడూ ఎవరో ఒకరికి అన్న కాదా? దీనికి జవాబు చెప్పు.

చెప్పావులే. "నీ ఛాతీ తెరిస్తే పేషెంటు కాదు, నువ్వే కనబడతావు. చెయ్యి వణుకుతుంది" అన్నావు.

అందుకే నీ శిష్యుడికే ఒప్పుకుని సంతకం పెట్టాను. ఒక్కటే షరతు. నువ్వు లోపలికెళ్లి వాడి వెనక నిలబడొద్దు, వాడికీ చెయ్యి వణుకుతుంది. థియేటర్ బయట బల్ల మీద మీ వదిన ఒక్కతే ఉంటుంది. ఇన్నేళ్లూ ఆ తలుపు తోసుకొచ్చి కబురు చెప్పేదానివి. రేపొక్కరోజు జనం వైపు కూర్చో.

మీ అన్నయ్య