తొమ్మిదికి నలభై ఒకటి

సోమవారం

బావకి, నీ మరదలు నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ, నా గొడ్లూ క్షేమం. జీపు మాత్రం క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

కొండమీది మందల దగ్గరికి వెళ్ళే దారిలో పాత టైర్లు ప్రతిసారీ బురదలో కూరుకుపోతున్నాయని పోయిన నెల పెద్ద టైర్లు వేయించాను. పాతవి ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు, ఇవి ముప్ఫై మూడు. జీపు చూడటానికి మహా గంభీరంగా ఉంది. ఎక్కడానికి స్టూలు వేసుకుంటున్నాను. బురదలో కూరుకుపోవడం ఆగిన మాట నిజమే. ఎందుకంటే బురద దాకా వెళ్ళడమే లేదు. మూడో మలుపు దగ్గర, ఫస్టు గేర్లో కూడా, ఆయాసం వచ్చిన గేదెలా రొప్పి ఆగిపోతోంది.

పైన రెండు వందల పది గొడ్లున్నాయి. వానలు మొదలయ్యేలోపు వాటికి గాలికుంటు టీకాలు వేసేయాలి. నెల రోజులే ఉంది. మందు ఐసుపెట్టెలో పెట్టుకుని నడిచిపోదామంటే, పైకి చేరేసరికి ఐసు నీళ్ళయి మందు పాడవుతుంది. కిందటేడు పక్క కొండమీద టీకాలు అందక ముప్ఫై దూడలు పోయాయి. పశువుల డాక్టరుగా వాటిని పరీక్ష చేసి చావు కాగితం రాసింది నేనే. మళ్ళీ అలాంటి కాగితం రాయలేను.

మా మెకానిక్కు "ఇంజను బంగారమండీ, ఇరుసులో గేర్లు మార్చాలంతే" అంటాడు. ఏవి వేయాలయ్యా అంటే తల గోక్కుంటాడు. ఇరవై ఏళ్ళుగా గేర్ల కొట్టు నడుపుతున్నవాడివి, నువ్వే చెప్పాలి.

ఇట్లు,
నీ మరదలు

తా.క.: అక్కకి ఈ సంగతి తెలియనివ్వకు. రెండేళ్ళుగా నాతో ఎందుకు మాట్లాడటం లేదో నాకిప్పటికీ తెలీదు. మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు లేదు. ఇప్పుడు జీపు కోసం కాళ్ళబేరానికి వచ్చాననుకుంటుంది.


శుక్రవారం

చిరంజీవి డాక్టరమ్మకి, బావ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఇంత చిన్న విషయానికి అంత బెంగా?

టైరు పెద్దదైతే ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. అంటే ఇంజను ప్రతి అడుగూ ముందుకన్నా పెద్దది వేయాలి. నిన్ను రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కమంటే నువ్వు మాత్రం రొప్పవూ? అదీ సంగతి. నీ జీపు ఇరుసులో ఇప్పుడు మూడు పాయింట్ ఏడు మూడు గేరు ఉండుంటుంది. అంటే ఇంజను నుంచి వచ్చే షాఫ్టు సుమారు మూడుముప్పావు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ గేరు తగ్గించాలి. తగ్గించేయి, నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
బావ

తా.క.: మీ అక్కకి చెప్పలేదు. ఉత్తరం ఎవరిదంటే ఎవరో కస్టమరన్నాను. నా నోట అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో, నాకే ముచ్చటేసింది.


గురువారం

బావకి, నీ మరదలు ఒళ్ళు మండి రాసేది.

నువ్వన్నట్టే తగ్గించాను. మూడు పాయింట్ ఏడు మూడు తీయించి, మెకానిక్కు వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి తెచ్చిన మూడు పాయింట్ మూడు ఒకటి వెనక ఇరుసులో వేయించాను. ఇదివరకు మూడో మలుపు దగ్గర ఆగేది కదా, ఇప్పుడు రెండో మలుపు దగ్గరే ఆగింది. ఆగి ఊరుకుందా, వెనక్కి జారడం మొదలెట్టింది. నేను బ్రేకు మీద నిలబడి అరుస్తుంటే, పైనుంచి కాపరి పరిగెత్తుకుంటూ వచ్చి రెండు ఎడ్లను కట్టి లాగించాడు. వైద్యం చేయడానికి వెళ్తూ రోగుల చేత బండి లాగించుకున్న డాక్టరుని నేనొక్కదాన్నే అయి ఉంటాను. అందులో ఎర్ర ఎద్దు ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఆ చూపుకి జవాబు నువ్వే చెప్పాలి.

పదకొండు గొడ్లకి టీకాలు వేశాను. మిగతా మందు చల్లారకముందే, అంటే వేడెక్కకముందే, కిందికి తెచ్చేశాను. చూశావా, తగ్గడమేదో పెరగడమేదో నాకే తెలియకుండా పోతోంది.

ఇట్లు,
మరదలు

తా.క.: దిగుడులో మాత్రం జీపు గాలిలో తేలినట్టు పోతోంది. లోకమంతా దిగుడే అయితే నీ సలహాకి తిరుగుండేది కాదు.


మంగళవారం

డాక్టరమ్మకి, బావ ఆశీస్సులు.

అయ్యో రామా! గేరు తగ్గించమంటే అంకె తగ్గించమని కాదమ్మా. గేరు తగ్గించడమంటే అంకె పెంచడం. మా కొట్లో అందరికీ తెలిసిన మాటే. అంకె పెరిగితే గేరు తగ్గినట్టు, గేరు తగ్గితే బలం పెరిగినట్టు, బలం పెరిగితే వేగం తగ్గినట్టు. ఇంత తేలికైన విషయం నీకు ఎందుకు అర్థం కాలేదో నాకు అర్థం కావడం లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. ముప్ఫై మూడుని ఇరవై ఎనిమిదితో భాగించు. దాన్ని మూడు పాయింట్ ఏడు మూడుతో హెచ్చవేయి. నాలుగు పాయింట్ నాలుగు వస్తుంది. అది పాత బలం తిరిగి రావడానికి. నీకు కొండ ఉంది, ఐసుపెట్టె బరువుంది, కాబట్టి ఇంకాస్త పైకి పోవాలి. నాలుగు పాయింట్ ఐదు ఆరు. అందులో రెండు చక్రాలుంటాయి. చిన్నదాన్ని పినియను అంటారు, దానికి తొమ్మిది పళ్ళు. పెద్దది క్రౌను, దానికి నలభై ఒకటి. వెనక ఇరుసుకి సరిపడే సెట్టు లారీ ఆఫీసులో వేశాను. వెళ్ళి తెచ్చుకో.

ఇట్లు,
బావ

తా.క.: ఇంత లెక్క బావ ఎప్పుడు నేర్చుకున్నాడా అని ఆశ్చర్యపోకు. ఆశ్చర్యపోయినా ఎవరినీ అడక్కు.


ఆదివారం

బావకి, మరదలు కొండ దిగి నడిచొచ్చి రాసేది.

పార్సెలు అందింది. ముందుగా ఒక మాట. ఆవుకి ముప్ఫై రెండు పళ్ళు, పందికి నలభై నాలుగు. నలభై ఒకటి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఒకటి విరిగిపోయి ఉంటుందని మెకానిక్కు చేత మూడుసార్లు లెక్కపెట్టించాను. మూడోసారి నలభై రెండు వచ్చింది. అతనికి కోపం కూడా వచ్చింది.

సరే, వెనక ఇరుసులో వేశాం. మొదటి మలుపు ఎక్కింది. రెండోది ఎక్కింది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి బావా. మూడో మలుపులో రాళ్ళమీద చక్రాలు జారుతున్నాయని, ముందు చక్రాలకీ బలం అందేలా ఫోర్ వీల్ లివరు లాగాను. అంతే! ముందుభాగం ఒక దారిన, వెనకభాగం ఒక దారిన పోతామన్నట్టు పెనుగులాడాయి. కింద నుంచి ఠపీ ఠపీమని ఎవరో సుత్తితో కొట్టినట్టు శబ్దం. ఆఖరికి ముందు షాఫ్టు జాయింటు విరిగిపోయింది.

మెకానిక్కు జీపు కింద దూరి మళ్ళీ బయటికి రాలేదు. ఏమైందయ్యా అని వంగి చూస్తే, "ఇక్కడే చల్లగా బాగుందండీ, మీ మొహం చూడలేను" అన్నాడు. ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని కిందికి నడిచొచ్చాను. మందు బతికింది, నా మోకాళ్ళు బతకలేదు. వానలకి ఇంకా పదిరోజులే ఉంది. ఈసారి తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా చెప్పు.

మరదలు

తా.క.: పక్క మందలో ఒక దూడకి నోటినిండా పొక్కులొచ్చాయని కాపరి కబురు పంపాడు. ఇక నవ్వుకుంటూ ఉత్తరాలు రాయకు.


బుధవారం

డాక్టరమ్మకి,

నవ్వడం లేదు. ముందు ఇరుసుకి కూడా అదే గేరు వేయాలి. రెండూ ఒకే లెక్కలో లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనక చక్రాలు ఇంకో వేగంతో తిరగాలని చూసి, ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఇది చీటీలో స్పష్టంగా ఉంది. వెనకవైపు ఉంది. నేను చీటీ తిప్పలేదు. ఏ చీటీ అని అడక్కు.

ముందు ఇరుసు సెట్టూ, కొత్త జాయింటూ రేపే పంపుతాను. తప్పంతా నాదే, సరేనా?

బావ

తా.క.: నీ ఉత్తరాలు కొట్లో ఎక్కడో పెట్టాను, కనిపించడం లేదు. కంగారేం లేదు, మీ అక్క మొన్న కొట్టంతా సర్దింది, ఎక్కడో ఉంటాయి.


శనివారం

ఏవండీ,

దస్తూరీ చూసి కంగారు పడకండి, నేనే. పిన్ని వాళ్ళింటికి వెళ్తున్నానని చెప్పింది అబద్ధం. మా చెల్లెలి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ముందు ఇరుసు సెట్టు ఎవరో ఎత్తుకుపోయారని మీరు కంగారుపడుతూ ఉండి ఉంటే, ఎత్తుకొచ్చింది కూడా నేనే.

కొట్టు సర్దుతుంటే బేరింగుల డబ్బాలో దాని ఉత్తరాలు దొరికాయి. నెలరోజులుగా "ఎవరో కస్టమరు, కాస్త మొద్దు" అంటూ నా చేత చీటీల మీద లెక్కలు వేయించుకున్నారే, ఆ మొద్దు నా చెల్లెలా? మొదటి చీటీలో "గేరు తగ్గించాలి, అంటే అంకె పెంచాలి" అని రాసిస్తే, మీరు సగం ఎక్కించి సగం వదిలేస్తారా? ఇన్నేళ్ళూ కొట్లో జమాఖర్చులే కాదు, గేర్ల లెక్కలూ నేనే వేస్తున్నానని దానికి చెప్పనే లేదట. అది మిమ్మల్ని పెద్ద పండితుడనుకుంటోంది. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఆ ఇనుమంతా ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది గంటలు బస్సులో కూర్చున్నాను. తలుపు తీసి "నువ్వా?" అంది. "ముందు ఇరుసుది" అన్నాను. రెండేళ్ళ తర్వాత మా ఇద్దరి మొదటి మాటలు ఇవీ.

మెకానిక్కు పక్కనే నిలబడి ముందు ఇరుసు బిగింపించాను, జాయింటు వేయించాను. మర్నాడు పొద్దున్నే అతన్ని కూడా ఎక్కించుకుని బయల్దేరాం. మూడో మలుపులో చెల్లెలు లివరు లాగి కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరువే, నడిపేది నువ్వు!" అని అరిచాను. ఠపీ లేదు, గిపీ లేదు. జీపు నెమ్మదిగా, నింపాదిగా రాయి తర్వాత రాయి ఎక్కేసింది. రెండు రోజుల్లో మిగతా నూట తొంభై తొమ్మిది గొడ్లకీ టీకాలు పడ్డాయి. అది సూది వేసింది, నేను తాళ్ళు పట్టుకున్నాను. ఒక పెయ్య నా పాదం తొక్కి అక్కడే నిలబడి నెమరేసింది. నోటి పొక్కుల దూడని వేరే కట్టించి మందు రాశాం. మేత తింటోంది.

దిగి వస్తుంటే చెల్లెలు జీపు ఆపి, "అక్కా, అసలు నాతో ఎందుకు మాట్లాడటం మానేశావు?" అంది.

"నువ్వన్న మాటకే. నా లెక్కలు కొట్లోకి పనికొచ్చేవి కావన్నావటగా!"

అది నోరు తెరుచుకుని చూసింది. "నేనా? 'అక్క లెక్కలు కొట్లో మగ్గిపోవాల్సినవి కావు, ఏ కాలేజీలోనో చెప్పాల్సినవి' అన్నాను. బావతో అన్నాను. నీకు చెప్పమన్నాను."

ఏవండీ, మీరు నాకు చేర్చింది సగమే. తర్వాత "నువ్వు నన్నే అడగొచ్చుగా" అని అదీ, "నువ్వు బస్సెక్కి రావచ్చుగా" అని నేనూ మొదలుపెట్టి, ఇల్లు చేరేదాకా పోట్లాడుకున్నాం. మెకానిక్కు మధ్యలోనే దిగి నడిచిపోయాడు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పదిహేను రోజుల దాకా రాను. కొట్లో ఎవరైనా లెక్క అడిగితే, లెక్కలు వేసే మనిషి ఊళ్ళో లేదని చెప్పండి.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క.: బావా, ఇది నేను, మరదల్ని. నాకు నీ మీద కోపం లేదు. అక్కకి ఉందా అని అడిగితే "ఉంది" అంది. "చాలా" అని కూడా అంది. ఆ మాట వదిలేయకుండా రాయమని పక్కనే నిలబడి చూస్తోంది.