ఎక్స్‌ట్రా బెడ్ ఎవరికి?

బావా,

నేను ఆసుపత్రికి డ్యూటీకి వెళ్తున్నాను, నువ్వు లేచేసరికి ఉండను. మీ ముగ్గురి బట్టల సంచీ తలుపు పక్కన పెట్టాను. చిన్నోడి దగ్గుమందు దాని పై జేబులో ఉంది. బయల్దేరే ముందు హోటల్‌కి ఫోన్ చేసి, ఇద్దరు పిల్లలున్నారని ముందే చెప్పు. పోయినసారిలా కౌంటర్ దగ్గర నీళ్ళు నమలకు. చిన్నోడికి ఐదు నిండాయి కాబట్టి వాడికీ ఛార్జీ వేస్తారు. వయసు తగ్గించి చెప్పావంటే పక్కనే ఉన్న పెద్దది నిజం కక్కేస్తుంది, నీ పరువే పోతుంది.

ఎక్స్‌ట్రా బెడ్ మాత్రం వద్దని చెప్పు. పోయినసారి పిల్లల కోసమని దానికి విడిగా డబ్బులు కట్టాం. తీరా చూస్తే వాళ్ళిద్దరూ నీకు చెరో పక్కన దూరి పెద్ద మంచం మీద హాయిగా నిద్రపోయారు. ఆ మడత మంచం మీద ముడుచుకుని పడుకున్నది నేను. చిన్నోడికి దగ్గొస్తే లేచి మందు తాగించిందీ నేనే. తాగేసి వాడు మళ్ళీ నీ దుప్పట్లోకే పోయాడు. మిమ్మల్ని చూసి ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు. ఈసారి నేను రావట్లేదుగా, ముగ్గురూ ఎలా పొర్లితే నాకేం?

ఆగు, ఇప్పుడే మా వార్డులో ఇంకో సిస్టర్ ఫోన్ చేసింది. రేపు నా డ్యూటీ తను చేస్తుందట. సాయంత్రం బస్సుకి నేనూ వచ్చేస్తున్నాను. ఎక్స్‌ట్రా బెడ్ ఉండనివ్వు. ఈసారి దాని మీద పడుకునేది నువ్వు.